కాశీయాత్ర చరిత్రకారుడు ఏనుగుల వీరాస్వామయ్య

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు చెప్పుకొనెడివారు. ఇంచుమించు రెండువందల యేండ్ల క్రిందట తెలుగుదేశమునుండి ఉత్తరమునకు బయలుదేరు యాత్రికుని స్థితి నిజముగా అట్లే యుండెను. రైలుబండి లేదు. దక్షిణదేశమున మొదటి రైలు చెన్నపట్టణపు రాయపురమునుండి కదలినది 1856లో. పెద్ద నదులపై వంతెనలు లేవు. అడవులలో దొంగల భయము, మజిలీలలో వాంతిభేది భయము, ఒక దొరతనపు ఎల్ల దాటి మరియొక దొరతనములో అడుగిడినప్పుడెల్ల సుంకరుల భయము. వీడ్కోలు చెప్పు బంధువులకు యాత్రికుని మరల చూతుమన్న ఆశ సగమే యుండెడిది. అట్టి కాలమున నూరుమందికి పైగా పరివారముతో చెన్నపట్టణమునుండి కాశికి పోయి, పదునైదు నెలల పైచిలుకు కాలము దారులలో గడపి, మరల ఇల్లు చేరి, తాము చూచిన మజిలీలను వాడుక తెలుగులో వ్రాసి యుంచిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. తెలుగున తొలి యాత్రాచరిత్రగా పేరొందిన కాశీయాత్ర చరిత్ర ఆ వ్రాతల ఫలమే.

బాల్యము, ఉద్యోగము

వీరాస్వామయ్యగారు 1780లో జన్మించిరి. తండ్రి పేరు సామయమంత్రి. కుమారునకు తొమ్మిదవ యేడు వచ్చుసరికే ఆయన గతించెను. ఇంటికి పెద్దదిక్కు లేని బాలునకు చదువే దిక్కయ్యెను. ఆనాడు చెన్నపట్టణమున ఇంగ్లీషు నేర్చుకొనుటకు నేటివంటి పాఠశాలలు లేవు. ప్రభుత్వపు ఉన్నత పాఠశాల 1841లో గాని ఏర్పడలేదు; విశ్వవిద్యాలయము 1857లో గాని రాలేదు. కచేరీలలో దొరల ప్రక్కన కూర్చుండి, కాగితములకు నకళ్లు వ్రాయుచు, చెవినిబడిన మాటను పట్టుకొని నేర్చుకొనవలసినదే. పండ్రెండవ యేటికే వీరాస్వామయ్యగారు ఇంగ్లీషు ధారాళముగా చదువగలవారై, జీతము లేని వాలంటీరుగా కచేరీలో ప్రవేశించిరి. కొంతకాలము తిరునెల్వేలి సీమలో దుబాసీ పని చేసిరి. మరల చెన్నపట్టణము చేరి, ఒక్కొక్క మెట్టే యెక్కి, తుదకు అచ్చటి సుప్రీముకోర్టులో ప్రధాన ఇంటర్‌ప్రిటరు పదవిని పొందిరి.

ఆ పదవి చిన్నది కాదు. 1801లో నెలకొన్న ఆ న్యాయస్థానమున న్యాయాధిపతులు ఇంగ్లీషువారు. బోనెక్కువారు తెలుగువారు, అరవవారు, తురకలు. సాక్షి నోట వెలువడిన మాటను ఇంటర్‌ప్రిటరు ఎట్లు చెప్పిన అట్లే న్యాయాధిపతి వినును. ఒక మాట జారినచో ఒకని ఆస్తి జారిపోవును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. ఉన్నది ఉన్నట్లు చెప్పుట, విన్నదానికిని చూచినదానికిని గల భేదమును మరువకుండుట, తన అభిప్రాయమును సాక్షి వాంగ్మూలములో కలుపకుండుట ఆ యుద్యోగధర్మములు. వీరాస్వామయ్యగారి యాత్రాచరిత్రను చదువువారికి ఈ కోర్టు శిక్షణ పుటపుటను కనిపించును. ఊరు పెద్దదా చిన్నదా, బావి ఉన్నదా లేదా, అంగడిలో ఏ వస్తువులు దొరకును, దారి ఇసుకయా రేగడయా రాళ్లా, తరువాతి మజిలీ ఎంత దూరము అను విషయములను వారు సాక్ష్యము నమోదు చేసినట్లు వ్రాసిరి.

ప్రయాణ సన్నాహము

ఏబదవ యేట వీరాస్వామయ్యగారు కోర్టువారి సెలవు పొంది కాశీయాత్రకు సిద్ధపడిరి. 1830 మే 18వ తేదీ రాత్రి చెన్నపట్టణమునుండి బయలుదేరిరి. పల్లకీలు మోయు బోయీలు, కావడివాండ్రు, బంట్రోతులు, డేరాలు వేయువారు, వంటవారు, తమ్ము నమ్ముకొని వచ్చిన యాత్రికులు అందరును కలసి నూరుమందికి మించిరి. ఇంతమందికి దినదినము బియ్యము, పప్పు, ఉప్పు, వంటచెరకు సమకూర్చవలెను. చీకటి పడులోగా నీరున్న చోటు చేరవలెను. ఒకనికి జబ్బు చేసినచో అందరును ఆగవలెను. ఒక సంపన్న గృహస్థు పుణ్యమునకై వెడలిన యాత్ర యనుట ఎంత నిజమో, నూరు ప్రాణముల బరువు ఒక్కని తలపై నుండిన యాత్ర యనుటయు అంతే నిజము. అంగళ్లు, బావులు, సత్రములను గూర్చి ఆ గ్రంథమున అంత శ్రద్ధ కనబడుటకు కారణమిదియే. అన్నము దొరకని ఊరు ఎంత సుందరమైనను ఆ మజిలీకి పనికిరాదు.

వెళ్లుచున్నప్పుడే వారు తమ మిత్రులైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారికి యాత్రావిశేషములను వ్రాసి పంపుచుండిరి. తమ వెనుక యాత్రకు రాదలచినవారికి దారి తెలియవలెననుట వారి యుద్దేశము. కావ్యము వ్రాయుదునను సంకల్పము వారికి లేదు. ఆ లేమియే గ్రంథమునకు మేలు చేసినది.

నల్లమల అడవులు, శ్రీశైలము

తొలి మజిలీలు తెలిసిన సీమలోనివే. తిరుపతి దాటిన పిమ్మట కరకంబాడి, బాలపల్లె, కోడూరు మార్గమున శేషాచలపు అడవి ప్రారంభమగును. అచ్చటినుండి ఒంటిమిట్ట, కడప మీదుగా పోయి, అహోబిలమును దర్శించి, ఆత్మకూరు మార్గమున శ్రీశైలమునకు తిరిగిరి. ఈ భాగము యాత్రలో మొదటి గట్టి పరీక్ష. నల్లమలలో ఊళ్లు లేవు, గూడెములే కలవు. దారి చూపువారును, కావలి కాయువారును చెంచులే. నాగలూటి, పెద్దచెరువు మజిలీలు దాటిన పిదప భీమునికొలను లోయ ఎదురగును. ఇరుప్రక్కల కొండలు గోడలవలె లేచిన ఆ లోయలో దిగి మరల ఎక్కవలెను. పల్లకి యెక్కినవారికి భయము, మోయువారికి శ్రమ. కొండవీటి ప్రభువు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దిలో శ్రీశైలమునకు మెట్లు కట్టించెనని చరిత్రకారులు చెప్పుదురు. దేవాలయమునకు రాజులు చేయగల సేవలలో ఆ సోపానములవంటిది మరి యేది కలదో ఆ కనుమలు ఎక్కి దిగినవారే చెప్పవలెను.

అయితే 1830 నాటి శ్రీశైలము వేమారెడ్డి నాటి శ్రీశైలము కాదు. కర్నూలు నవాబు ఆ క్షేత్రమునకు వచ్చు యాత్రికులనుండి పన్ను వసూలు చేయుచుండెను. అడవి దారికి మరమ్మతు లేదు, గుడికి దీపధూపములు అంతంతమాత్రము, సుంకము మాత్రము తప్పదు. ఈ యవస్థను వీరాస్వామయ్యగారు చూచి వ్రాసిరి. ఆ నవాబు గులాము రసూలుఖానును కుంఫిణీవారు 1839లో పదభ్రష్టుని చేసిరి. కాని యాత్రికుల నుండి పన్ను తీయుట నవాబులకు మాత్రమే పరిమితమైన పని కాదు. ప్రయాగలోను, గయలోను, పురీ జగన్నాథములోను కుంఫిణీవారే ఆనాడు యాత్రికులపై పన్ను వేసెడివారు. దానిని 1840లో గాని ఎత్తివేయలేదు. తిరుపతి దేవస్థానపు ఆదాయమును 1843 వరకు కుంఫిణీ సర్కారే తన చేత నుంచుకొనెను. పుణ్యము యాత్రికునిది, పైకము సర్కారుది. దొరతనము మారిన చోటను ఈ లెక్క మారలేదు.

కృష్ణ దాటి తెలంగాణములోనికి

శ్రీశైలమునుండి మరలి, నివృత్తిసంగమ ప్రాంతమున కృష్ణను దాటి యాత్రికులు నైజాము రాజ్యమున ప్రవేశించిరి. వంతెన లేని ఆ చోట్ల నది దాటుటకు పుట్టియే సాధనము. వెదురుతో బుట్టవలె అల్లి, పైన తోలు కప్పిన ఈ గుండ్రని పడవకు ముందు వెనుకలు లేవు. నీటి వడిలో అది తిరుగుచు పోవును. అందు మనుష్యులు, పల్లకీలు, సామానులు విడతలు విడతలుగా ఆవలి యొడ్డు చేరవలెను. వానకాలపు తొలి నీరు వచ్చుచున్న దినములలో ఈ దాటుట ఎంతటి సాహసమో ఊహింపవచ్చును. వారు చూచిన ఆ సంగమేశ్వర తీర్థము నేడు శ్రీశైలపు ఆనకట్ట వెనుక జలాశయములో మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు మాత్రమే బయటపడుచున్నది.

పెంట్లవెల్లి, పానుగల్లు, వనపర్తి మీదుగా సాగిన ఈ బాట ఆనాటి తెలంగాణపు స్థితికి అద్దము. నాసిరుద్దౌలా 1829లో నైజాము సింహాసన మెక్కెను. అంతకుముందు కొన్ని సంవత్సరములు రెసిడెంటు మెట్కాఫు ఏర్పరచిన ఇంగ్లీషు ఉద్యోగులు గ్రామములలో శిస్తు నిర్ణయించి, తాలూకాదారుల దౌర్జన్యమునకు కొంత అడ్డు నిలిచిరి. కొత్త నైజాము కోరికపై ఆ యుద్యోగులను ఉపసంహరించిరి. రాజ్యభారము పేష్కారు చందూలాలు చేతిలో నుండెను. సర్కారునకు పైకము కావలెను. ఎవడు ఎక్కువ పైకము ఒప్పుకొనిన వానికి తాలూకా గుత్త. గుత్తదారుడు దానిని రైతునుండి పిండుకొనును. సంస్థానాధిపతులు ఒకరితో ఒకరు కలహించుకొనుచుండగా అడ్డువచ్చువారు లేరు. ఈ నడుమ నలిగిన గ్రామములగుండా వీరాస్వామయ్యగారు నడచిరి. ఒక ఊరిలో ఇండ్లు ఎన్ని, అంగళ్లు ఎన్ని, తోటలు కలవా అని వారు వ్రాసినదే ఆ పాలనపై గట్టి సాక్ష్యము.

హైదరాబాదు నగరము వారికి ఆశ్చర్యము కలిగించినది. మూసీనది, చార్మినారు, రెసిడెన్సీ భవనము, హుసేనుసాగరము, సికిందరాబాదు దండు, వీధులలో ఏనుగులు, అంబారీలు, అన్నియు చూడదగినవే. కాని బజారున పోవు ప్రతివాడును ఆయుధము ధరించి పోవుట చెన్నపట్టణపు కోర్టులో మెలగినవారికి వింతగా తోచినది. కత్తి చేతనుంచుకొనక తప్పని చోట న్యాయస్థానమునకు విలువ ఎంత యుండునో కోర్టు ఉద్యోగికి వేరే చెప్పనక్కరలేదు.

గోదావరి, నిర్మల, అడవిబాట

హైదరాబాదునుండి ఉత్తరమునకు సాగిన బాట రామాయంపేట, కామారెడ్డి, ఆర్మూరు ప్రాంతము, బాల్కొండ మీదుగా గోదావరి చేరి, నిర్మల ముఖముగా పోవును. ఈనాడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థులు ఈ బాటను తమ ఇంటి ముంగిలివలె గుర్తింపవచ్చును. సిరిసిల్లకు పడమట కామారెడ్డి. కోరుట్ల, మెట్టుపల్లి దాటి పడమరగా పోయిన ఆర్మూరు. వీరాస్వామయ్యగారు దాటిన గోదావరియే తూర్పుగా పారి జగిత్యాలకు ఉత్తరమున ధర్మపురి క్షేత్రమును తాకును. జగిత్యాల నక్షత్రాకారపు కోటవలెనే నిర్మల కోటలును 18వ శతాబ్దిలో ఐరోపా పద్ధతి ననుసరించి కట్టినవి. ఎలగందుల సీమకును నిర్మలకును ఇట్లు పాలనలోను, రాకపోకలలోను దగ్గర సంబంధము ఉండెను. ఈ ప్రాంతపు పూర్వస్థితిని తెలుపు తెలుగు వచన రచనలు ఆ కాలమునకు మిక్కిలి అరుదు. రాజుల శాసనములు దానములను చెప్పును, దఫ్తరములు శిస్తును చెప్పును. సామాన్య బాటసారికి ఏ యూరిలో నీరు దొరకెనో చెప్పునది ఈ యాత్రాచరిత్ర ఒక్కటే యనవచ్చును.

వానకాలమున ఈ దారి నడచుట నరకయాతన. రేగడి నేల తడిసిన బంకవలె పాదమును పట్టుకొనును. ఒక్కొక్క అడుగునకు కాలు పెరికి తీయవలెను. పల్లకి బరువు భుజముపై నున్న బోయీకి ఆ బురదలో ఆమడ దూరము పది ఆమడలగును. వాగు పొంగినచో అది తగ్గువరకు ఒడ్డున డేరా వేసి కూర్చుండుటయే గతి. గోదావరి దాటిన పిదప నిర్మల కొండలు, వానికి ఆవల ఏదులాబాదు అడవులు. పులుల భయము, మన్యపు జ్వరముల భయము కలిసిన ఆ సీమలో గోండుల గూడెములు దూరదూరముగ నుండును. పెనుగంగ దాటగానే తెలుగు మాట పలుచబడి మరాఠీ మొదలగును. భాష మారిన చోట కొలత మారును, నాణెము మారును, తినెడి ధాన్యము మారును. వరి అన్నమునకు అలవాటు పడిన దక్షిణాది పరివారమునకు జొన్నలు, గోధుమలు తప్పనివయ్యెను. ఇట్టి మార్పులను గుర్తించుటలో వీరాస్వామయ్యగారి చూపు మిక్కిలి నిశితము.

నాగపురమునుండి కాశికి

నాగపురమున భోంసలే ప్రభువు మూడవ రఘోజీ కుంఫిణీవారి చెప్పుచేతలలో పాలించుచుండెను. 1853లో ఆ రాజ్యమును కుంఫిణీవారు కలుపుకొనిరి. అచ్చటినుండి జబ్బలపురము వరకు సాతుపురా కొండల మార్గము. నర్మద ఆ సమీపమున చలువరాతి కొండలను కోసికొని పారును. ఈ మార్గమునకు అందముతోపాటు భయంకరమైన పేరును కలదు. పిండారీల దండులు 1818లో అణగినను, థగ్గులు అణగలేదు. బాటసారులతో స్నేహము చేసి, కొన్ని మజిలీలు కలసి నడచి, ఆదమరచినప్పుడు గుడ్డతో మెడ బిగించి చంపుట వారి వృత్తి. జబ్బలపురము, సాగరు ప్రాంతములలో స్లీమను దొర వారిని పట్టుటకు పూనుకొన్న కాలమిదియే. నూరుమంది కలసి నడచుటయందలి రక్షణ ఇట్టి చోటనే తెలియును. ఒంటరి బాటసారి కథ చెప్పుటకు తిరిగి రాకపోయెడివాడు.

రీవా సీమ దాటి గంగాతీరము చేరి, ప్రయాగలో త్రివేణీస్నానము, కాశిలో విశ్వేశ్వర దర్శనము చేసిరి. ఘట్టములు, సందులు, మఠములు, పండితులు, పండాలు, వ్యాపారులు గల కాశీనగరము ఒక్క పుణ్యక్షేత్రమే కాదు. ఉత్తరదేశపు పెద్ద పట్టణములలో ఒకటి. అదే కాలమున జేమ్సు ప్రిన్సెపు కాశీ ఘట్టములను చిత్రించి 1831లో పటముల గ్రంథము వెలువరించెను. ఒకరు గీతలలోను, ఒకరు తెలుగు మాటలలోను ఒకే నగరమును ఒకే కాలమున భద్రపరచుట కాకతాళీయమే యైనను, చరిత్ర విద్యార్థికి అది గొప్ప లాభము. ప్రిన్సెపు చిత్రమున లేనిది వీరాస్వామయ్యగారి గ్రంథమున కలదు: దక్షిణాది గృహస్థు ఆ నగరమున ఎట్లు బస కుదుర్చుకొనెను, ఏయే విధులు ఎట్లు నడపెను, ఎచ్చట ఎవరికి ఎంత ఇయ్యవలసి వచ్చెను అను లౌకిక వివరములు.

గంగపై పడవ, తూర్పుతీరపు బాట

కాశినుండి పడవలపై గంగ వెంట దిగి పాట్నా చేరి, గయలో పితృకార్యములు నిర్వర్తించి, మరల నదీమార్గమున కలకత్తాకు పోయిరి. అది కుంఫిణీ రాజ్యమునకు రాజధాని. విలియం బెంటింకు గవర్నరు జనరలు. సహగమనమును నిషేధించిన చట్టము 1829 డిసెంబరులో వచ్చెను. దానికై పోరాడిన రామమోహనరాయలు 1830 నవంబరులో ఇంగ్లండునకు ఓడ యెక్కెను. కొత్త పాఠశాలలు, పత్రికలు, సభలు దేశీయుల బుద్ధిని కదలించుచున్న ఆ పట్టణమును, మరియొక రాజధానినుండి వచ్చిన వీరాస్వామయ్యగారు పరిశీలనతో చూచిరి.

తిరుగు ప్రయాణము తీరపు బాట. కలకత్తానుండి పురీకి కుంఫిణీవారు 19వ శతాబ్ది తొలి పాతికేండ్లలో వేయించిన జగన్నాథమార్గము కలదు. జగన్నాథ దర్శనానంతరము చిలుకసరస్సును ప్రక్కనిడుకొని గంజాము సీమ ప్రవేశించిరి. అచ్చటినుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము, సింహాచలము మీదుగా మరల తెలుగు వినబడు సీమ. పోవునప్పుడు కొండలు, కనుమలు, రేగడి. వచ్చునప్పుడు ఇసుక, ఉప్పుకయ్యలు, ఏటి మొగలు. అడవిలో నీటికై వెదకినవారు ఇచ్చట నీటిని దాటుటకై తిప్పలు పడిరి. రాజమహేంద్రవరమున మరల గోదావరి. ఎగువన తెలంగాణములో దాటిన నదియే ఇచ్చట రెండు మైళ్ల వెడల్పున సముద్రమును తలపించును. ధవళేశ్వరపు ఆనకట్టకు 1847లో గాని పని మొదలు కాలేదు. అంతటి జలము వృథాగా కడలి పాలగుచుండెను. మచిలీపట్టణమున నేత వ్యాపారపు పూర్వవైభవము క్షీణించుచుండెను. నెల్లూరు దాటి 1831 సెప్టెంబరు 3వ తేదీన యాత్రికులు చెన్నపట్టణము చేరిరి. సుమారు 2,500 మైళ్ల యాత్ర ముగిసెను.

ఈ తీరపు బాటలో వారు చూచిన గ్రామములకు మరి రెండేండ్లలోనే ఘోరమైన కీడు మూడినది. 1832-33 నందన కరవు గుంటూరు సీమను తుడిచిపెట్టెను. లక్షకు మించిన జనము చనిపోయిరి. చావక మిగిలినవారు వేలకొలదిగ అదే బాటను చెన్నపట్టణమునకు నడచిరి. కరవునకు ముందు ఆ ఊళ్లు ఎట్లుండెనో తెలిసికొనగోరువారికి వీరాస్వామయ్యగారి మజిలీల వ్రాత చివరి పటమువంటిది.

దృష్టి, దోషము, గుణము

వీరాస్వామయ్యగారు ఆస్తికులు, వేదాంత చింతన గలవారు. దారిలో విన్న స్థలపురాణములను భక్తితో వ్రాసిరి. ఆ వెంటనే అచ్చటి బావి ఉప్పునీటిదని కూడ వ్రాసిరి. భక్తి వారి కన్నులకు గంతలు కట్టలేదు. కులాచారములు, కట్టుబొట్టులు, వంటలు, వ్యవసాయము, పంటలు, భాషలోని యాసలు, అన్నియు వారికి తెలిసికొనదగినవే. దేశాచారములు వేరైనవారిని తక్కువ చేసి చూచు అలవాటు వారికి మిక్కిలి తక్కువ.

దోషము లేదనరాదు. వారు కుంఫిణీ కోర్టు ఉద్యోగులు. కుంఫిణీ ఎల్లలలో దొరకిన శాంతిభద్రతలను మెచ్చినంతగా, ఆ శాంతికి దేశము చెల్లించిన వెలను వారు విచారింపలేదు. పల్లకి మోసిన బోయీల శ్రమ గ్రంథమున తెలియును గాని, వారి జీవితములు తెలియవు. ఆ 2,500 మైళ్లు నిజముగా నడచినవారు ఆ బోయీలే. ఈ రెండును ఆ కాలపు గృహస్థుల చూపునకు గల ఎల్లలు. చదువరి వానిని గుర్తుంచుకొనుటవలన గ్రంథపు విలువ తగ్గదు. చరిత్రను చదువు పద్ధతి అలవడును.

భాష విషయమున వారి ఘనత ప్రత్యేకముగ చెప్పవలెను. వచనమనిన సమాసభూయిష్ఠమై యుండవలెనని పండితులు తలచు కాలమున, కచేరీలలోను, బజారులలోను, ఇండ్లలోను మాటలాడు తెలుగునే వారు వ్రాసిరి. హిందూస్తానీ, ఇంగ్లీషు మాటలు అవసరము కొలది చేరినవి. గిడుగు రామమూర్తిగారు వ్యావహారిక భాషకై ఉద్యమించుటకు ఎనుబది యేండ్లకు ముందే ఇంత పెద్ద గ్రంథము వాడుక భాషలో వెలసినది. విషయము తెలియజేయుటయే పరమార్థమని తలచువాడు భాషను తానై సరళము చేసికొనును.

గ్రంథముయొక్క గతి

తిరిగి వచ్చిన తరువాత వీరాస్వామయ్యగారు ఎక్కువకాలము జీవింపలేదు. 1836లో పరమపదించిరి. తమ గ్రంథమును అచ్చులో చూచుకొను భాగ్యము వారికి కలుగలేదు. మిత్రుని వ్రాతలను జాగ్రత్తపరచి, 1838లో చెన్నపట్టణమున ముద్రింపించినవారు శ్రీనివాసపిళ్లెగారు. స్నేహమునకు ఇంతకంటె ఋణము తీర్చుకొను త్రోవ లేదు. 1869లో రెండవ ముద్రణము వెలువడెను. రైళ్లు వచ్చి బాటలు మారిన పిదప, మజిలీల పుస్తకముతో యాత్రికునకు పని లేకపోయెను; కావ్యము కాదు గనుక పండితులు పట్టించుకొనలేదు. డెబ్బది యేండ్లు గడచిన తరువాత, 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు విపులమైన వివరణలతో మూడవసారి ప్రకటించి, దానిని చరిత్ర గ్రంథముగా తెలుగువారి చేతికి మరల ఇచ్చిరి. 1973లో ఇంగ్లీషు అనువాదము వెలసెను. యాత్రికుల కొరకు పుట్టిన పుస్తకము చరిత్రకారుల కొరకు బ్రతికినది.

నేడు ఆ బాటలో చాల భాగము రహదారియైనది. గోదావరి దాటిన ప్రాంతమునకు చేరువనే, పోచంపాడు వద్ద 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగరపు ఆనకట్ట నిలిచియున్నది. పెక్కు మజిలీలలో వీరాస్వామయ్యగారు బస చేసిన ఇల్లు గాని, తోపు గాని మిగులలేదు. కాని ఊరి పేర్లు మిగిలినవి. ఉపాధ్యాయులు తరగతిలో ఒక పటము పరచి, చెన్నపట్టణమునుండి శ్రీశైలము, హైదరాబాదు, నిర్మల, నాగపురము, కాశి, కలకత్తా, పురీ, రాజమహేంద్రవరము మీదుగా ఒక గీత గీయించినచో, భూగోళము, చరిత్ర, భాష మూడును ఒక్క పాఠమున కలసివచ్చును. అటుపిమ్మట ప్రతి విద్యార్థిచేతను తన ఊరిని గూర్చి ఒక పుట వ్రాయింపవచ్చును: ఇండ్లు ఎన్ని, నీరు ఎచ్చటిది, ఏ పంటలు పండును, అంగడిలో ఏమి దొరకును, పొరుగూరు ఎంత దూరము. పెద్దమాటలు అక్కరలేదు. చూచినది చూచినట్లు వ్రాసిన చాలును. ఏనుగుల వీరాస్వామయ్యగారు చేసినది అదియే.